బెలూన్ ఎక్కిన ఎక్స్‌రే: నిశ్శబ్దం కావాలా, టైమ్ కావాలా?

ఈ ఎపిసోడ్ మా కొత్తపట్నం బీచ్ నుంచి మొదలుపెడదాం. ఒంగోలు నుంచి తూర్పుకి వస్తే సముద్రం తగిలేది ఇక్కడే. మధ్యాహ్నం ఎండలో నీళ్ల వైపు చూశారంటే ఆ తళతళకి కళ్లు మూసుకుపోతాయి. మా ఫ్రెండ్ దగ్గర పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులున్నాయి. అవి పెట్టుకుంటే ఆ మెరుపు చాలావరకు పోయి, నీళ్లు నీళ్లలాగా కనబడతాయి. తల ఒక పక్కకి పూర్తిగా వాల్చండి, మెరుపు మళ్లీ వచ్చేస్తుంది!

ఇంకో పని చేయండి. అవే అద్దాల్లోంచి మీ ఫోన్ చూస్తూ, ఫోన్‌ని మెల్లగా తిప్పండి. చాలా ఫోన్లలో ఒక కోణం దగ్గరకొచ్చేసరికి స్క్రీన్ నల్లబడిపోతుంది. ఫోన్ ఆఫ్ అవ్వలేదు, వెలుగు వస్తూనే ఉంది. కాకపోతే ఆ వెలుగు ఊగే దిశ ఒకటి, అద్దం రానిచ్చే దిశ ఇంకొకటి. మన పక్క ఇళ్లకి కట్టే తడిక ఉంది కదా, దాని సందులోంచి ఒక తాడు దూర్చి పైకీ కిందకీ ఊపితే ఆ ఊపు అవతలికి పోతుంది. పక్కలకి ఊపితే అక్కడే ఆగిపోతుంది. వెలుగు ఇలా ఎక్కువగా ఒకే దిశలో ఊగుతూ రావడాన్నే పోలరైజేషన్ అంటారు. ఈ మాట చివరిదాకా గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆకాశంలోంచి వచ్చే ఎక్స్‌రేలు ఏ దిశలో ఊగుతున్నాయో కొలవాలంటే ఎలా? ఎక్స్‌రేకి కూలింగ్ గ్లాసులు పనిచేయవు, అద్దంలోంచి దూసుకుపోతుంది. దీనికోసం మనుషులు వందేళ్లకు పైగా తంటాలు పడ్డారు. ఆ కథలో మన హైదరాబాద్ ఉంది, ఇక్కడి నుంచి దక్షిణంగా సుమారు 190 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీహరికోట కూడా ఉంది.

కిటుకు కనిపెట్టింది చార్లెస్ బార్క్లా అనే ఇంగ్లీషాయన. 1904-06 మధ్య, ఎక్స్‌రేలు దొరికి ఇంకా పదేళ్లు అవుతున్న రోజులవి. అవి అలలా, కణాలా అని పెద్ద గొడవ నడుస్తోంది. బార్క్లా ఏం చేశాడంటే, ఎక్స్‌రేలని ఒక కార్బన్ ముక్క మీదకి పంపాడు. తగిలి చెదిరినవాటిని ఇంకో కార్బన్ ముక్క మీదకి పంపాడు. రెండోసారి చెదిరినప్పుడు అన్ని పక్కలకీ సమానంగా పోలేదు. కొన్ని పక్కలకి ఎక్కువ, కొన్ని పక్కలకి తక్కువ. అంటే వాటికి ఊగే దిశ ఉంది.

ఎందుకలా? ఉయ్యాల ఊహించుకోండి. పక్కన నిలబడి చూసేవాడికి ఉయ్యాల అటూ ఇటూ పోవడం పూర్తిగా కనబడుతుంది. ఉయ్యాల ఊగే వరసలోనే ఎదురుగా నిలబడ్డవాడికి మాత్రం అది పక్కలకి కదిలినట్టే అనిపించదు. ఎక్స్‌రే వచ్చి తగిలితే ఎలక్ట్రాన్ కూడా అలాగే, ఎక్స్‌రే ఊగే దిశలోనే ఊగుతుంది. ఊగుతూ కొత్త ఎక్స్‌రేని వదులుతుంది. పక్కనున్నవాళ్లకి ఎక్కువ వదులుతుంది, వరసలో ఉన్నవాళ్లకి దాదాపు ఏమీ పంపదు. కాబట్టి మధ్యలో తేలికైన పదార్థం ముక్క ఒకటి పెట్టి, చుట్టూ నాలుగు పక్కలా డిటెక్టర్లు పెట్టి, ఏ పక్కకి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఎక్స్‌రే దిశ తెలిసిపోతుంది. పరికరం మొత్తం ఇంతే. నిజంగా ఇంతే! చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, చేయడానికి డెబ్భై ఏళ్లు పట్టింది.

మొదటి అడ్డంకి గాలి. మన నెత్తిన ఒక చదరపు సెంటీమీటరు మీద ఉన్న గాలి బరువు కిలోకి కాస్త ఎక్కువ. ఆకాశం నుంచి వచ్చే ఎక్స్‌రేలన్నీ అందులోనే ఆగిపోతాయి. మనం బతికున్నది అందువల్లే అనుకోండి. 40 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్తే ఆ కిలో కాస్తా మూడు గ్రాముల దగ్గరకొస్తుంది. అక్కడ కూడా తక్కువ శక్తి ఎక్స్‌రేలు రావు. ఇరవై కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటినవి, అంటే మన ఆస్పత్రి ఎక్స్‌రేల శక్తి ఉన్నవి, పర్లేదు, అందుతాయి. విమానాలు అంత ఎత్తుకి పోలేవు. రాకెట్ పోతుంది కానీ ఐదు నిమిషాల్లో కిందికొచ్చేస్తుంది. గంటల తరబడి అక్కడ వేలాడాలంటే బెలూనే దిక్కు.

ఇక్కడ హైదరాబాద్ వస్తుంది.

బెలూన్లతో కాస్మిక్ కిరణాలు కొలవడం హోమీ భాభా కాలం నుంచే ఉంది. ఆయన పెట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు ముంబైలో ఉంటూ ప్లాస్టిక్ బెలూన్లు తయారుచేయడం నేర్చుకున్నారు. ఎగరేయడానికి మాత్రం హైదరాబాద్ వచ్చారు. 1960ల్లో ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఎగరేశారు. 1969లో ఈసీఐఎల్ దగ్గర శాశ్వతంగా బెలూన్ కేంద్రం పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సు దిగినవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

ముంబై వదిలి ఇంతదూరం ఎందుకు? ఒక కారణం మామూలుదే. దేశం మధ్యలో ఉంది, బెలూన్ ఎటు కొట్టుకుపోయినా వెంటనే సముద్రంలో పడదు. అసలు కారణం మాత్రం భూమి అయస్కాంతం. అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు అన్ని వైపుల నుంచీ కురుస్తుంటాయి. అవి డిటెక్టర్‌కి తగిలితే ఎక్స్‌రే వచ్చినట్టే దొంగ సిగ్నల్ ఇస్తాయి. భూమి అయస్కాంత క్షేత్రం ఈ కణాలని పక్కకి తిప్పేస్తుంది. ధ్రువాల దగ్గర ఆ కాపలా బలహీనం, అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర చాలా బలం. ఆ రేఖ మన దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. హైదరాబాద్ దానికి దగ్గర. అంటే హైదరాబాద్ మీద ఆకాశం, ఎక్స్‌రే పరికరం దృష్టిలో, ప్రపంచంలోని నిశ్శబ్దమైన చోట్లలో ఒకటి. సంతలో నిలబడి గుసగుస వినడానికీ, అర్ధరాత్రి డాబా మీద వినడానికీ ఎంత తేడా ఉంటుందో ఇదీ అంతే.

కానీ మన ఆకాశానికి ఒక చెడ్డ గుణం ఉంది. కింద ఎంత మండిపోతున్నా, పైన 17 కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 80 డిగ్రీలు, కొన్నిసార్లు ఇంకా తక్కువ. ఉష్ణ మండలంలో ఆ పొర ధ్రువాల పైన కంటే కూడా చల్లగా ఉంటుంది, నమ్మబుద్ధి కాకపోయినా నిజం! చల్లటి దేశాల్లో బాగా ఎగిరే పాలిథిన్ ఇక్కడ ఆ పొర దాటేటప్పుడు పెళుసెక్కి పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ బెలూన్ పొర మందం ఎంతనుకుంటున్నారు? మిల్లీమీటరులో యాభయ్యో వంతు లెక్కన ఉంటుంది, మన కూరగాయల కవరుకీ దానికీ పెద్ద తేడా లేదు. దాని కింద వందల కిలోల పరికరం వేలాడాలి. అందుకని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ చలికి తట్టుకునే ఫిల్మ్ సొంతంగా తయారుచేసుకున్నారు. దానికి పెట్టిన పేరు అంతరిక్ష్. బెలూన్‌లో నింపేది హైడ్రోజన్, హీలియం కన్నా చవక, కాకపోతే నిప్పురవ్వ పడిందంటే అంతే.

1968లో హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్, వృశ్చిక రాశిలో ఉన్న స్కో ఎక్స్-1 అనే ఎక్స్‌రే మూలాన్ని చూసింది. సూర్యుణ్ని పక్కన పెడితే ఆకాశంలో అన్నిటికన్నా ప్రకాశంగా కనబడే ఎక్స్‌రే చుక్క అది. అమెరికా వాళ్లు 1962లో రాకెట్‌తో దాన్ని మొదటిసారి పట్టుకున్నారు. ఆరేళ్లలో మనవాళ్లు సొంత బెలూన్‌తో దాన్ని చూశారు. భారతదేశంలో ఎక్స్‌రే ఖగోళ శాస్త్రం మొదలైంది అక్కడే.

ఇంతవరకు బాగానే ఉంది కదా? మంచి చోటు, మంచి బెలూన్. మరి పోలరైజేషన్ కూడా అక్కడే కొలిచేసి ఉండొచ్చుగా అంటారు. ఇక్కడే లెక్క తిరగబడుతుంది.

ఎక్స్‌రేలు ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టడం ఒక ఎత్తు, అవి ఏ పక్కకి ఎక్కువ చెదిరాయో చెప్పడం ఇంకో ఎత్తు. రూపాయి బిళ్ళ 100 సార్లు ఎగరేస్తే 55 సార్లు బొమ్మ పడింది, ఆ బిళ్ళలో మోసం ఉందా? చెప్పలేం, మామూలు బిళ్ళకీ అలా పడొచ్చు. అదే 10 వేల సార్లలో 5,500 పడిందా, మోసం గ్యారంటీ. పోలరైజేషన్ కూడా ఇంతే. ఒక మంచి పరికరం, దొంగ సిగ్నల్ అసలు లేదు అనుకుందాం. అప్పుడు కూడా 5 శాతం పోలరైజేషన్ ఉందని గట్టిగా చెప్పాలంటే సుమారు 30 వేల ఎక్స్‌రేలు కావాలి. దొంగ సిగ్నల్ ఉంటే ఇంకా ఎన్నో రెట్లు కావాలి. వచ్చిన ఎక్స్‌రేల్లో సరిగ్గా చెదిరి పక్క డిటెక్టర్‌లో పడేవి కొన్నే. మిగతావి వృథా. కాబట్టి టైమ్ కావాలి, రోజులకి రోజులు కావాలి.

ఇంకో చిక్కు కాటాది. మిర్చి యార్డు గురించి తెలిసినవాళ్లకి నేను చెప్పేదేముంది! రెండు పళ్లేల త్రాసులో దోషం ఉందేమో అని అనుమానం వస్తే ఏం చేస్తాం? సరుకుని అటు పళ్లెం నుంచి ఇటు, ఇటు నుంచి అటు మార్చి తూస్తాం. నాలుగు పక్కలున్న డిటెక్టర్లు ఎప్పుడూ ఒకేలా పనిచేయవు. ఒకటి కొంచెం చురుకు, ఇంకొకటి కొంచెం మొద్దు. ఆ తేడానే పోలరైజేషన్ అనుకుని మోసపోవచ్చు. అందుకే పరికరం మొత్తాన్ని, చుక్క వైపు చూస్తూనే గుండ్రంగా తిప్పుతారు. పళ్లేలు మార్చి తూసినట్టు. తిప్పినా మారకుండా ఆకాశంలో ఒకే దిశకి కట్టుబడి ఉన్నదే నిజం. పరికరంతో పాటు తిరిగేది దోషం.

ఇప్పుడు హైదరాబాద్ ఇబ్బంది అర్థమవుతుంది. ఇక్కడ బెలూన్ పైన తేలేది కొన్ని గంటలే. చీకటి పడితే గ్యాస్ చల్లబడి బెలూన్ కిందికి దిగుతుంది. గాలులు దాన్ని ఊళ్ల మీదుగా లాక్కుపోతుంటాయి, పరికరం క్షేమంగా దొరకాలంటే ఎక్కడో ఒకచోట తాడు తెంపి పారాచూట్‌తో దించెయ్యాలి. నిశ్శబ్దం ఉంది, టైమ్ లేదు.

టైమ్ కావాలంటే ధ్రువాల దగ్గరకి పోవాలి. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు. గ్యాస్ చల్లబడదు, బెలూన్ రోజుల తరబడి అదే ఎత్తులో తేలుతుంది, పైగాలులు దాన్ని ధ్రువం చుట్టూ తిప్పుతాయి. కానీ అక్కడ అయస్కాంత కాపలా లేదు, కాస్మిక్ కిరణాల హోరు. టైమ్ ఉంది, నిశ్శబ్దం లేదు. బెలూన్ మీద పోలరైజేషన్ కొలిచే పరికరాల డిజైన్ అంతా ఈ బేరం చుట్టూనే తిరిగింది.

స్వీడన్ వాళ్లు టైమ్‌నే ఎంచుకున్నారు. వాళ్ల పరికరం పేరు పోగోలైట్. కిరునా దగ్గరి ఎస్రేంజ్ నుంచి 2011 జులైలో ఎగరేశారు. బెలూన్ లీకయింది. కొన్ని గంటల్లోనే దించెయ్యాల్సి వచ్చింది. ఏళ్ల పని! ఆ టీమ్ ఆ రోజు ఎలా ఉండుంటుందో ఆలోచించండి. 2013లో మళ్లీ ఎగరేస్తే ఉత్తర ధ్రువం చుట్టూ తిరిగి రెండు వారాలకి రష్యాలోని నొరీల్స్క్ దగ్గర దిగింది. దాన్ని బాగుచేసి, మెరుగుపరిచి పోగోప్లస్ అని పేరు మార్చి 2016 జులైలో ఎగరేస్తే, వారం రోజుల్లో కెనడా చేరింది. ఇది 61 ప్లాస్టిక్ కడ్డీల గుంపు. ఎక్స్‌రే ఒక కడ్డీలో తగిలి పక్క కడ్డీలో ఆగాలి. చుట్టూ దొంగ సిగ్నల్ పట్టే కాపలా స్ఫటికాలు, వాటి చుట్టూ న్యూట్రాన్లని ఆపడానికి మందపాటి పాలిథిన్ గోడ. పరికరం బరువులో ఎక్కువ భాగం కాపలాకే పోయిందంటే ధ్రువం దగ్గర హోరు ఎంతో చూడండి.

అమెరికా వాళ్లు వేరే దారి పట్టారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ టీమ్ వాళ్లది, పరికరం ఎక్స్-కాలిబర్. దీని ఆలోచన గరాటు లాంటిది. పెద్ద తొట్టె పెడితే వానతో పాటు చెత్త కూడా పడుతుంది. గరాటు పెట్టి చిన్న సీసాలోకి నీళ్లు దించితే, సీసాలో పడే చెత్త తక్కువ. ఎక్స్‌రేలని ఒడిసిపట్టే అద్దం ఒక కొసన, చిన్న డిటెక్టర్ ఇంకో కొసన, మధ్యలో మీటర్ల కొద్దీ పొడవున్న చట్రం. 2018 డిసెంబర్ చివర్లో అంటార్కిటికాలో ఎగరేశారు. వారాలు తిరగాల్సింది. బెలూన్ లీకయింది, మూడు రోజుల్లోపే దించేశారు. మళ్లీ లీకే! కూరగాయల కవరంత పల్చటి ప్లాస్టిక్‌కి కోట్ల పరికరం వేలాడదీస్తే జరిగేది ఇదే. ఉన్న కాస్త టైమ్‌లో జీఎక్స్ 301-2 అనే న్యూట్రాన్ నక్షత్రాన్ని చూసుకున్నారు.

తర్వాత దాన్నే పెద్దది చేసి ఎక్స్ఎల్-కాలిబర్ అన్నారు. చట్రం పొడవు 12 మీటర్లు. ఒక కొసన ఉన్న అద్దం, ఇంకో కొసన ఉన్న వేలంత బెరీలియం కడ్డీ మీద ఎక్స్‌రేలని దించాలి. అదంతా గాలిలో వేలాడుతూ, ఊగుతూ! కిరునా నుంచి 2022లో ఒకసారి, 2024 జులైలో మళ్లీ ఎగిరింది. 2024లో క్రాబ్ నెబ్యులాని శుభ్రంగా కొలిచింది.

క్రాబ్ అంటే పీతే, మా ఊరి సరుకే. 1054లో చైనా వాళ్లు పగటిపూట కూడా చూసిన ఒక నక్షత్రం పేలుడు తాలూకు శేషం. వృషభ రాశిలో ఉంది. మధ్యలో ఒక న్యూట్రాన్ నక్షత్రం సెకనుకి ముప్ఫై సార్లు గిర్రున తిరుగుతూ ఉంటుంది. పోలరైజేషన్ కొలిచే ప్రతి ఒక్కరూ మొదట దీన్నే చూస్తారు. 1971లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు రాకెట్‌తో దీని జాడ పట్టారు. 1975లో ఎగిరిన నాసా ఉపగ్రహం ఓఎస్ఓ-8 దీనికి 19 శాతం పోలరైజేషన్ ఉందని ఖాయం చేసింది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు సుడులు తిరుగుతూ ఎక్స్‌రేలు వదులుతున్నాయని దాంతో తేలింది. ఆ తర్వాత ఈ పనికే ప్రత్యేకంగా ఇంకో పెద్ద ఉపగ్రహం, నాసా-ఇటలీ వాళ్ల ఐఎక్స్‌పీఈ, ఎగిరింది 2021 డిసెంబర్‌లో. మధ్యలో నలభై ఏళ్లు దాటిపోయాయి. ఒక తరం శాస్త్రవేత్తలు ఉద్యోగంలో చేరి రిటైరైపోయారు.

ఇంతకీ బెలూన్లు చెప్పిన కొత్త సంగతేంటి? శాతం కన్నా కోణం చూడండి. ఓఎస్ఓ-8 తక్కువ శక్తి ఎక్స్‌రేల్లో చూస్తే, దిశ 156 డిగ్రీల దగ్గర వచ్చింది. పోగోప్లస్ ఎక్కువ శక్తిలో చూస్తే 131. ఎక్స్ఎల్-కాలిబర్ చూస్తే 130. ఆ న్యూట్రాన్ నక్షత్రం తిరిగే ఇరుసు ఉన్నది 124 దగ్గర. అంటే శక్తి పెరిగేకొద్దీ దిశ ఇరుసు వైపు జరుగుతోంది. ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు తొందరగా శక్తి పోగొట్టుకుంటాయి, దూరం పోలేవు, నక్షత్రం దగ్గరలోనే వెలుగుతాయి. కాబట్టి మనకి కనబడుతున్నది లోపలి అమరిక. ఫొటోలో చుక్కలా కనబడే దాని లోపల ఏది ఎటు తిరిగి ఉందో, ఫొటో లేకుండానే, ఒక కోణం చెబుతోంది.

సరే, మనవాళ్ల సంగతికి వద్దాం. నిశ్శబ్దం, టైమ్ రెండూ కావాలంటే? హైదరాబాద్ ఆకాశం ఇచ్చే నిశ్శబ్దాన్ని ఇంకా పైకి పట్టుకుపోవాలి. 2024 జనవరి 1, ఉదయం 9 గంటల 10 నిమిషాలకి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ58 లేచింది. అందులో ఉన్నది ఎక్స్‌పోశాట్. 650 కిలోమీటర్ల ఎత్తు, భూమధ్యరేఖకి 6 డిగ్రీల వాలు మాత్రమే ఉన్న కక్ష్య. ఆ 6 డిగ్రీలే ఇక్కడ కీలకం. ధ్రువాల వైపు పోకుండా ఎప్పుడూ భూమధ్యరేఖని అంటిపెట్టుకుని తిరిగితే, అయస్కాంత కాపలా బలంగా ఉన్నచోటే ఉంటుంది. 2015 నాటి ఆస్ట్రోశాట్‌కి కూడా ఇలాంటి కక్ష్యనే ఎంచుకున్నారు. ఆస్ట్రోశాట్ మీదున్న పెద్ద ఎక్స్‌రే డిటెక్టర్ నమూనాని 2008లో పరీక్షించింది ఎక్కడో తెలుసా? హైదరాబాద్ బెలూన్ కిందే.

ఎక్స్‌పోశాట్ మీద అసలు పరికరం పోలిక్స్, బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తయారుచేశారు. మధ్యలో బెరీలియం, నాలుగు పక్కలా నాలుగు గ్యాస్ డిటెక్టర్లు. బార్క్లా కార్బన్ ముక్కకి మునిమనవడు. ఉపగ్రహం మొత్తం చుక్క వైపు చూస్తూ ఐదు నిమిషాలకి ఒక చుట్టు తిరుగుతుంది, మన కాటా కిటుకే. గాలి అడ్డం లేదు కాబట్టి 8 నుంచి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూస్తుంది. ఇందులో కింది భాగం బెలూన్‌కి అందనే అందదు, ఐఎక్స్‌పీఈ చూసేది 8 దగ్గర ఆగిపోతుంది. సరిగ్గా ఆ సందులో కూర్చుంది పోలిక్స్. ఒక్కో చుక్కని వారాల తరబడి చూడాలని, ఐదేళ్లలో ఓ నలభై చుక్కలు చూడాలని ప్లాన్. జనవరిలోనే క్రాబ్ వైపు తిరిగి, ఆ సెకనుకి ముప్ఫై సార్ల నాడిని పట్టింది.

ఉపగ్రహం వచ్చింది కదా అని బెలూన్ పని అయిపోలేదు. ఉపగ్రహంలో ఒక తీగ తప్పుగా కలిపితే అంతే సంగతులు. బెలూన్ పరికరం కిందికొస్తుంది, విప్పి బాగుచేసి మళ్లీ పంపొచ్చు. పోగో అలాగే గెలిచింది. ఈసీఐఎల్ నుంచి ఇప్పటికీ బెలూన్లు లేస్తూనే ఉన్నాయి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా పొలాల్లో పెద్ద గుండ్రటి డబ్బా దిగితే ఏలియన్స్ వచ్చారని వాట్సాప్ మోగిపోయింది గుర్తుందా? అది ఒక స్పెయిన్ కంపెనీ టూరిస్టుల కోసం పరీక్షిస్తున్న క్యాప్సూల్, ఎగిరింది హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచే.

అందుకే చివరగా ఒక పని మాట. పత్తి చేలోనో మిర్చి తోటలోనో ఎప్పుడైనా రంగుల పారాచూట్, దానికో పెట్టె, చుట్టూ పల్చటి ప్లాస్టిక్ కుప్ప కనబడితే సెల్ఫీ దూరం నుంచే తీసుకోండి, పెట్టె విప్పొద్దు. దాని మీద అడ్రసు, ఫోన్ నంబరు రాసి ఉంటాయి. వాళ్లకి గానీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి గానీ చెప్పండి. చెప్పినవాళ్లకి ఖర్చులు, బహుమతి ఇస్తామని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ప్రకటనల్లో వేస్తుంటారు. విప్పి చూస్తే మాత్రం బహుమతి లేదు.